హైదరాబాద్‌లో ఆఫీసు ఫిట్‌అవుట్: అగ్రిమెంట్‌కి ముందు నుంచి తాళం చెవి దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు మొదటిసారి సొంతంగా ఆఫీసు తీసుకునేవాళ్లు, ఫిట్‌అవుట్ (ఖాళీ ఫ్లోర్‌ని పార్టిషన్లు, సీలింగ్, వైరింగ్ లాంటివాటితో ఆఫీసుగా మార్చే పని) చేసే మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఇవి. ఎక్కువమంది 3,000 నుంచి 10,000 చదరపు అడుగుల మధ్య తీసుకుంటారు కాబట్టి జవాబులు కూడా ఆ సైజుని దృష్టిలో పెట్టుకుని రాశాం.

డిజైనర్‌ని ఎప్పుడు పిలవాలి?

అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైమ్ ఉంటే ఇదే చదవండి.

చాలామంది ఫ్లోర్ చూసి, నచ్చి, అడ్వాన్స్ కట్టి, ఆ తర్వాత మాకు ఫోన్ చేస్తారు. అప్పటికే సగం డిజైన్ ఆ బిల్డింగ్ చేసేసి ఉంటుంది. సీలింగ్ ఎంత ఎత్తులో వస్తుంది, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎక్కడ కూర్చుంటాయి, మీ వాటాకి కరెంటు ఎంత, ఎన్ని సీట్లు పడతాయి అన్నవి తర్వాత మార్చలేం. రెండు మూడు ఫ్లోర్లు మీ మనసులో ఉన్నప్పుడే ఒకరిని వెంట తీసుకెళ్లి, ఒక్కోదానికి పెన్సిల్ లేఅవుట్ వేయించుకోండి. దానికయ్యే ఫీజు మీరు కట్టబోయే డిపాజిట్‌తో పోలిస్తే చాలా తక్కువ.

బేర్ షెల్, వార్మ్ షెల్, ప్లగ్ అండ్ ప్లే అంటే ఏమిటి?

బేర్ షెల్ అంటే స్లాబు, స్తంభాలు, బయటి గోడలు మాత్రమే. వార్మ్ షెల్‌లో మామూలుగా ఏసీ మెయిన్ లైన్, కరెంటు మెయిన్ ప్యానెల్, స్ప్రింక్లర్ (మంటల మీద నీళ్లు చల్లే) పైపులు, టాయిలెట్లు ఉంటాయి. ప్లగ్ అండ్ ప్లే అంటే ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి కూర్చోవచ్చు. అయితే వార్మ్ షెల్ అనే మాటకి ప్రతి ఓనర్ దగ్గరా ఒక్కో అర్థం ఉంది. ఆ మాటని నమ్ముకోకుండా, ఏమేం ఇస్తున్నారో వస్తువు వస్తువుగా రాయించి అగ్రిమెంట్‌కి జత చేయించండి.

6,000 చదరపు అడుగులు తీసుకుంటే ఎంతమంది కూర్చోవచ్చు?

ముందు ఆ 6,000 ఏమిటో అడగండి. బ్రోకర్ చెప్పేది దాదాపు ఎప్పుడూ సూపర్ బిల్ట్‌అప్. లిఫ్టులు, లాబీ, మెట్లు, కారిడార్లలో మీ వాటా కూడా అందులో ఉంటుంది. అందులో 70 శాతం కార్పెట్ ఏరియా అనుకుంటే మీ చేతికి వచ్చేది 4,200 చదరపు అడుగులు. అద్దె మాత్రం 6,000కి కడతారు. మెయింటెనెన్స్ చార్జీ కూడా అంతే.

ఇప్పుడు సీట్లు. మీటింగ్ రూములు, రిసెప్షన్, ప్యాంట్రీ, నడిచే దారి అన్నీ కలుపుకుని మనిషికి 75 చదరపు అడుగులు పెట్టుకుంటే 56 మంది. 60కి బిగిస్తే 70 మంది. 100 ఇస్తే 42 మంది. 60 దగ్గర కాగితం మీద లెక్క కుదురుతుంది గానీ మీటింగ్ రూములు చాలవు, ఫోన్ మాట్లాడటానికి జనం మెట్ల మీదికి వెళ్తారు. 75 కంటే తగ్గించొద్దని మేం గట్టిగా చెప్తాం. వారంలో మూడు రోజులే ఆఫీసుకొచ్చే టీమ్ అయితే మనుషుల లెక్క కాకుండా, ఎక్కువమంది వచ్చే రోజు లెక్క తీసుకోండి.

ఇంకో మాట. ఓనర్ ఇచ్చిన డ్రాయింగ్‌ని నమ్మి లేఅవుట్ ఖరారు చేయొద్దు. లేజర్ మీటర్‌తో స్తంభాల మధ్య దూరం మీరే కొలిపించండి. డ్రాయింగ్‌కీ సైట్‌కీ నాలుగు అంగుళాలు తేడా వచ్చిందంటే ఒక వరస వర్క్‌స్టేషన్లు పోయినట్టే.

ఫ్లోర్ చూడటానికి వెళ్లినప్పుడు ఏం గమనించాలి?

కిటికీలోంచి వ్యూ చూసే ముందు తల పైకెత్తండి. బీమ్ కింద 9 అడుగుల 6 అంగుళాలు ఉందనుకుందాం. ఏసీ డక్ట్‌కి ఒక అడుగు, లైట్లకీ సీలింగ్ ఫ్రేమ్‌కీ ఆరు అంగుళాలు పోతే మిగిలేది 8 అడుగులు. చిన్న గదికి పర్వాలేదు. 50 మంది కూర్చునే హాల్లో మాత్రం సీలింగ్ తల మీద కూర్చున్నట్టు ఉంటుంది.

తర్వాత స్లాబ్ ఏ రకమో అడగండి. కొత్త టవర్లలో చాలావాటికి పోస్ట్ టెన్షన్ స్లాబులు ఉంటున్నాయి. కాంక్రీటు లోపల ఉక్కు తీగలు బిగించి ఉంటాయి. ప్యాంట్రీ డ్రెయిన్ కోసం అడ్డదిడ్డంగా రంధ్రం వేస్తే ఆ తీగ తెగుతుంది. అది స్లాబు బలానికే దెబ్బ, పక్కన నిలబడ్డ మనిషికీ ప్రమాదం. స్కానింగ్ చేయించి, బిల్డింగ్ ఇంజనీర్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే డ్రిల్లింగ్ పెట్టాలి.

బరువు సంగతి కూడా ఉంది. స్టోరేజీ విడిగా ఉండే ఆఫీసు గదులకి మన ఐఎస్ 875 ప్రమాణం చదరపు మీటరుకి 2.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 250 కిలోల లోడ్ పెట్టుకోమంటుంది. ఫైళ్ల కంపాక్టర్లు (పట్టాల మీద కదిలే అల్మారాలు), యూపీఎస్ బ్యాటరీ ర్యాకులు దీన్ని సులభంగా దాటేస్తాయి. అవి ఎక్కడ పెడతారో ముందే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించాలి.

సర్వీస్ లిఫ్ట్ లోపలి కొలత రాసుకోండి. మా మొదటి ప్రాజెక్టుల్లో ఒకదానికి పది అడుగుల కాన్ఫరెన్స్ టేబుల్ ఒకే పలకగా చేయించాం. అది లిఫ్టులో పట్టలేదు. ఎనిమిది మంది కూలీలు ఏడు అంతస్తులు మెట్ల మీద మోశారు, మలుపు దగ్గర ఒకాయన చెయ్యి నలిగింది. ఆ రోజు నుంచి లిఫ్ట్ కొలత లేకుండా మా ఆఫీసులో ఒక్క ఫర్నిచర్ డ్రాయింగ్ కూడా బయటికి వెళ్లదు.

చివరగా కాగితాలు: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగ్‌ని వాడుకోవచ్చని ఇచ్చే పత్రం), బిల్డింగ్ ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం), మీ ఫ్లోర్‌కి కేటాయించిన కరెంటు లోడు, జనరేటర్ బ్యాకప్ మొత్తానికా కొంతకేనా. ఇంటి కోసం అనుమతి తీసుకున్న బిల్డింగ్‌ని ఆఫీసుగా అద్దెకిస్తుంటే, ఎంత చవగ్గా వచ్చినా దూరంగా ఉండండి.

ఏయే అనుమతులు కావాలి?

లోపల పార్టిషన్లు, సీలింగ్, వైరింగ్ మాత్రమే అయితే ముందుగా కావాల్సింది ఓనర్‌దీ, బిల్డింగ్ మేనేజ్‌మెంట్‌దీ రాతపూర్వక అనుమతి. వాళ్లు డ్రాయింగులు, కాంట్రాక్టర్ ఇన్సూరెన్స్, కూలీల గుర్తింపు కార్డులు అడుగుతారు. స్తంభం, బీమ్, స్లాబ్, బయటి గోడ జోలికి వెళ్తే అది వేరే కథ. ఆఫీసు మొదలయ్యాక షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కార్మిక శాఖలో రిజిస్ట్రేషన్, మునిసిపల్ ట్రేడ్ లైసెన్స్ ఉండాలి. నేమ్‌బోర్డు మీద తెలుగు పైన, మిగతా భాషలు కింద ఉండాలి. ఆ లోగో బోర్డు తయారు చేయించే ముందే ఈ సంగతి మీ బ్రాండింగ్ వాళ్లకి చెప్పండి.

ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే.

వాస్తు చూడాలా?

మీరు నమ్మితే చూడండి. ఎండీ గారు నమ్మకపోయినా వాళ్ల నాన్నగారు నమ్మొచ్చు, పార్ట్‌నర్ నమ్మొచ్చు. కాబట్టి మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోవాలి. సాధారణంగా అడిగేవి ఇవే: ఎండీ గది నైరుతిలో, తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి కుర్చీ, ప్యాంట్రీ, యూపీఎస్ ఆగ్నేయంలో, దేవుడి పటం ఈశాన్యంలో. టవర్లలో టాయిలెట్లు, లిఫ్టులు కదలవు కాబట్టి మనకి దొరికే స్వేచ్ఛ మిగతా వాటిలోనే.

సిద్ధాంతి గారిని లేఅవుట్ దశలో కూర్చోబెట్టండి. వైరింగ్ అయ్యాక ఆయన వచ్చి తలుపు మార్చమంటే ఆ ఒక్క తలుపు వెనక స్విచ్ బోర్డులు, యాక్సెస్ కంట్రోల్, స్ప్రింక్లర్ అన్నీ కదులుతాయి. ముహూర్తం కూడా అప్పుడే అడగండి. ఆషాఢం, పుష్యం, మూఢం అడ్డొస్తే పని పూర్తయిన ఆఫీసుకి నెల రోజులు ఊరికే అద్దె కట్టాల్సి వస్తుంది.

చదరపు అడుగుకి ఎంత అవుతుంది?

ఫోన్‌లో ఒక్క అంకె చెప్పేవాళ్లని నమ్మొద్దు. చదరపు అడుగు అంటే కార్పెట్టా, సూపర్ బిల్ట్‌అప్పా? ఏసీ కలిపా? కుర్చీలు కలిపా? జీఎస్టీ కలిపా? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు మారితే అదే ఆఫీసు ధర రెట్టింపు కూడా కనిపించవచ్చు.

సరైన దారి ఒకటే. డ్రాయింగులు పూర్తి చేసి, వాటి మీద బీఓక్యూ (ఏ పని, ఏ వస్తువు ఎంత కావాలో రాసిన జాబితా) తయారు చేయించి, అదే కాగితాన్ని ముగ్గురు కాంట్రాక్టర్లకి ఇవ్వండి. ఒక్కొక్కరు తమ ఫార్మాట్‌లో కొటేషన్ ఇస్తే పోల్చలేరు. బీఓక్యూలో కొలిచే పద్ధతి తప్పకుండా రాయించండి: పార్టిషన్ ఒక వైపు కొలుస్తారా రెండు వైపులా కొలుస్తారా, తలుపులు, అద్దాలు తీసేసి కొలుస్తారా, సీలింగ్‌లో లైట్ల చోటు తగ్గిస్తారా, పెయింట్ ధరలో లప్పం ఉందా. ఫైనల్ బిల్లు దగ్గర జరిగే గొడవల్లో ఎక్కువభాగం ఈ నాలుగు వాక్యాలు లేకపోవడం వల్లే. ప్లైవుడ్ అయితే బ్రాండ్ పేరుతో పాటు ఐఎస్ నంబర్ రాయించండి: పొడి చోట ఐఎస్ 303, ప్యాంట్రీ సింక్ కింద నీళ్లు తగిలే చోట ఐఎస్ 710.

జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) ఫర్నిచర్‌కి ఒకలా, గోడలకీ సీలింగ్‌కీ మరోలా ఉంటుంది. బీఓక్యూ ఖరారు కాకముందే మీ సీఏకి చూపించండి.

ఏసీ చల్లగానే ఉంది, కానీ మధ్యాహ్నం అయ్యేసరికి అందరికీ తలనొప్పి. ఎందుకు?

చల్లదనం వేరు, తాజా గాలి వేరు. స్ప్లిట్ ఏసీలు, క్యాసెట్ ఏసీలు గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతాయి. అద్దాలు తెరుచుకోని టవర్‌లో 56 మంది వదిలిన గాలినే ఆ 56 మంది పీలుస్తుంటారు. ఏసీ ఇంజనీర్లు వాడే ఆష్రే 62.1 ప్రమాణం ఆఫీసుకి మనిషికి నిమిషానికి 5 ఘనపు అడుగులు, చదరపు అడుగుకి 0.06 ఘనపు అడుగుల బయటి గాలి ఇవ్వమంటుంది. మన 56 మంది, 4,200 చదరపు అడుగుల ఉదాహరణకి లెక్క వేస్తే 280 ప్లస్ 252, నిమిషానికి మొత్తం 532 ఘనపు అడుగులు. మీ ఏసీ డ్రాయింగ్‌లో ఈ అంకె ఎక్కడుందో చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ డ్రాయింగ్ పూర్తి కాలేదని అర్థం.

పడమటి అద్దాల గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక ఆ వైపు పది అడుగుల వెడల్పు మేర వేడి వేరుగా ఉంటుంది. అక్కడి ఏసీకి విడి జోన్, విడి థర్మోస్టాట్ పెట్టించండి. లేకపోతే అటు వాళ్లు చెమటతో, ఇటు వాళ్లు స్వెట్టర్‌తో కూర్చుంటారు. స్క్రీన్లు కిటికీకి ఎదురుగా గానీ వీపు పెట్టి గానీ కాకుండా అడ్డంగా వచ్చేలా టేబుళ్లు వేస్తే కళ్లకి సగం బాధ తగ్గుతుంది. టేబుల్ మీద వెలుతురు 300 నుంచి 500 లక్స్ ఉంటే సరిపోతుంది.

మీటింగ్ రూమ్‌లో మాట్లాడింది బయటికి వినపడుతోంది. మందం అద్దం వేస్తే ఆగుతుందా?

ఆగదు. శబ్దం నీళ్లలాంటిది, సందు ఎక్కడుంటే అక్కడి నుంచి పోతుంది. మన దగ్గర ఎక్కువ పార్టిషన్లు ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగిపోతాయి. సీలింగ్ పైన అంతా ఒకే ఖాళీ. ఈ గదిలో మాట పైకెక్కి పక్క గదిలో దిగుతుంది. ఒక ఆఫీసులో హెచ్‌ఆర్ గదిలో జరిగిన జీతాల మాటలు పక్కనున్న ఇంటర్వ్యూ గదిలో కూర్చున్న కొత్త అభ్యర్థులకి పూసగుచ్చినట్టు వినపడ్డాయి. వాళ్లు ఖరీదైన అద్దమే వేయించారు, గోడని స్లాబ్ దాకా తీసుకెళ్లలేదు.

అందుకే రహస్యం ఉండాల్సిన గదులకి, అంటే హెచ్‌ఆర్, ఫైనాన్స్, ఎండీ, బోర్డ్ రూమ్‌లకి, గోడ పైన స్లాబ్‌కి తగలాలి. రెండు వైపులా 12.5 ఎంఎం జిప్సం బోర్డు, మధ్యలో రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి నార), అంచుల్లో సీలెంట్. పైన పైపులు, కేబుల్ ట్రేలు దాటే చోట సందులు మూయాలి. స్విచ్ బాక్సులు గోడకి రెండు వైపులా ఒకదాని వెనక ఒకటి పెట్టకూడదు. తలుపు కింద అర అంగుళం సందు వదిలితే చేసిందంతా వృథా. ఫ్రేమ్ లేని అద్దం తలుపు చూడటానికి బాగుంటుంది గానీ చుట్టూ సందులే కాబట్టి ఈ గదులకి వద్దంటాం.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. గోడ స్లాబ్ దాకా మూసేస్తే, సీలింగ్ పైనుంచి ఏసీకి తిరిగి వెళ్లే గాలికి దారి ఉండదు. గది ఉక్కగా మారుతుంది, తలుపు తెరవడానికి బలం కావాలి. లోపల ఇన్సులేషన్ అతికించి, మలుపు తిప్పిన చిన్న డక్ట్ గోడలోంచి పెడితే గాలి వెళ్తుంది, మాట ఆగుతుంది. ఇది ఏసీ వాళ్లూ, జిప్సం వాళ్లూ కలిసి చేయాల్సిన పని. ఇద్దరినీ ఒక రోజు సైట్‌లో ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడించండి.

హాల్లో గోల తగ్గడానికి గోడలు పనికిరావు. నేల మీద కార్పెట్ టైల్స్, పైన శబ్దం పీల్చే సీలింగ్, ఫోన్ కోసం రెండు మూడు చిన్న బూత్‌లు పనికొస్తాయి. సీలింగ్ తీసేసి పైపులకి రంగు వేసే స్టైల్ ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. అలా చేయాలంటే శబ్దం పీల్చే ప్యానెళ్ల ఖర్చు కూడా పక్కన పెట్టుకోండి.

యూపీఎస్ ఎంత పెద్దది కావాలి?

అనుకున్న దానికంటే చిన్నదే. పాత డెస్క్‌టాప్‌ల కాలం లెక్కలు ఇంకా నడుస్తున్నాయి. ల్యాప్‌టాప్, ఒక మానిటర్ కలిపి సీటుకి 100 వాట్లు పెట్టుకున్నా 56 సీట్లకి 5.6 కిలోవాట్లు. నెట్‌వర్క్, సీసీటీవీ, సర్వర్ ర్యాక్ లోడు మీ ఐటీ వాళ్లని అడిగి దానికి కలపండి. పెద్ద యూపీఎస్ కొంటే పెద్ద బ్యాటరీలు, ఎక్కువ వేడి, ఎక్కువ బరువు. డేటా కేబుల్ ర్యాక్ నుంచి సీటు దాకా 90 మీటర్లు దాటకూడదు. సర్వర్ గది పైన టాయిలెట్, ప్యాంట్రీ పైపులు పోకూడదు.

పాత స్ప్రింక్లర్లు ఉన్నాయి కదా, ఫైర్ పని ఎందుకు?

అవి ఖాళీ హాలుకి వేసినవి. మీరు గది కట్టగానే ఆ గదికి విడిగా స్ప్రింక్లర్, పొగ డిటెక్టర్ ఉండాలి. సీలింగ్ పైన ఖాళీ 800 ఎంఎం దాటితే అక్కడ కూడా డిటెక్టర్లు కావాలి. పైపులో నీళ్లు దింపడానికి బిల్డింగ్ అనుమతి తీసుకుని, పని అయ్యాక ప్రెషర్ టెస్ట్ చేయించి, ఆ తర్వాతే సీలింగ్ మూయాలి.

దయచేసి వీటి మీద మాత్రం రాజీ పడొద్దు: బయటికి వెళ్లే తలుపులు బయటికే తెరుచుకోవాలి, కనీసం మీటరు వెడల్పు ఉండాలి, ఫైర్ అలారం మోగగానే కార్డు తాళాలు వాటంతట అవే వదలాలి. రెండో మెట్ల దారికి అడ్డంగా స్టోర్ రూమ్ పెట్టమని అడిగిన క్లయింట్‌కి మేం పని చేయలేదు, ఇకముందూ చేయం.

అందరికీ అనుకూలంగా ఉండాలంటే?

వీల్‌చైర్‌కి తలుపులో 900 ఎంఎం ఖాళీ, ర్యాంపు వాలు 1:12, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. తల్లులకి తాళం పడే ఒక చిన్న గది, అందులో ఫ్రిజ్. 50 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే క్రెష్ (చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం చట్టప్రకారం ఇవ్వాలి. బిల్డింగ్‌లోనో దగ్గర్లోనో ఏర్పాటు ఉందా అని లీజుకి ముందే కనుక్కోండి.

ఎన్ని రోజులు పడుతుంది?

మా అనుభవంలో 5,000 చదరపు అడుగులకి డ్రాయింగులు, బీఓక్యూ మూడు నాలుగు వారాలు, సైట్ పని ఎనిమిది నుంచి పది వారాలు. ఓనర్లు ఇచ్చే అద్దె లేని రోజులు తరచుగా దీనికంటే తక్కువ. వాటి లెక్క తాళం చెవి ఇచ్చిన రోజు నుంచి కాకుండా, ఫిట్‌అవుట్ అనుమతి వచ్చిన రోజు నుంచి మొదలయ్యేలా రాయించుకోండి.

ఆలస్యాలు ఊహించదగినవే. నడుస్తున్న టవర్లలో డ్రిల్లింగ్ రాత్రిపూటో ఆదివారమో చేయనిస్తారు. పగలు పెద్ద లారీలు ఊళ్లోకి రావు. టఫెన్డ్ గ్లాస్‌ని ఒకసారి టఫెన్ చేశాక (వేడి చేసి గట్టిపరిచాక) కోయలేరు, కాబట్టి ఫ్రేములు నిలబెట్టాకే కొలతలు తీస్తారు, ఆ తర్వాత ఫ్యాక్టరీ టైమ్. పండగల క్యాలెండర్ పక్కన పెట్టుకోండి: సంక్రాంతికి మన మేస్త్రీలు ఊళ్లకి వెళ్తారు, హోళీకి, ఛఠ్‌కి బీహార్, యూపీ కార్పెంటర్లు వెళ్తారు. వెళ్లేటప్పుడు చెప్పిన తేదీకి తిరిగి రారు. అది వాళ్ల తప్పు కాదు, ఏడాదికోసారి ఇంటికి వెళ్లేవాళ్లు. మన ప్లాన్‌లోనే ఆ వారం ఉండాలి.

లైట్లు, హార్డ్‌వేర్ మేమే కొంటే డబ్బు మిగులుతుందా?

కొంత మిగులుతుంది. హార్డ్‌వేర్‌కి రాణీగంజ్, లైట్లకీ స్విచ్‌లకీ ట్రూప్ బజార్ తిరిగి చూడండి, కనీసం ధరలు తెలుస్తాయి. కానీ వస్తువు మీది, పని కాంట్రాక్టర్‌ది అయితే ఏదైనా పాడైనప్పుడు బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి. వైర్లు, బ్రేకర్లు మాత్రం కాంట్రాక్టర్‌కే వదిలేయండి.

హ్యాండోవర్ రోజు ఏం తీసుకోవాలి?

స్నాగ్ లిస్ట్ (ఇంకా సరిచేయాల్సిన లోపాల జాబితా) గది గదికీ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నిజంగా వేసిన ప్రకారం గీసిన కరెంటు, డేటా, ఏసీ, ఫైర్ డ్రాయింగులు, టెస్ట్ రిపోర్టులు, వారంటీ కార్డులు, ప్రతి తాళానికి రెండు చెవులు తీసుకోండి. బిల్లులో 5 శాతం ఏడాది పాటు ఆపుకోవడం మామూలే. ఆ మాట మొదటి రోజే కాంట్రాక్టులో ఉండాలి.

ఐదేళ్ల తర్వాత ఖాళీ చేస్తే ఇవన్నీ మావేనా?

కుర్చీలు, టేబుళ్లు, యూపీఎస్ మీవి. గోడలు, సీలింగ్ సంగతి అగ్రిమెంట్‌లో ఉంటుంది. చాలా అగ్రిమెంట్లలో ఫ్లోర్‌ని మొదట ఇచ్చినట్టే తిరిగి ఇవ్వాలని రాసి ఉంటుంది. అంటే కూల్చే ఖర్చు, చెత్త తరలించే ఖర్చు మీదే, అవి డిపాజిట్‌లోంచి కోసుకుంటారు. పని మొదలుపెట్టే ముందు రోజు ఖాళీ ఫ్లోర్‌ని మూలమూలా ఫోటోలు, వీడియో తీసి, తేదీతో ఓనర్‌కి మెయిల్ చేయండి. అప్పటికే పగిలి ఉన్న టైల్స్, కిటికీ దగ్గర వాన నీటి మరకలు, పనిచేయని టాయిలెట్ కొళాయి కూడా అందులో పడాలి.